రేవు మేర

కొమరగిరి అప్పాజీ పంతులుగారికి నలభై ఏళ్ళు నిండేదాకా లెక్క తప్పడమంటే ఏమిటో తెలియదు. తీరా తప్పిన తరవాత, అది తప్పిందని ఒప్పుకునేవాడు ఒక్కడూ దొరకలేదు. ఆయన కష్టమంతా అదే.

పంతులుగారిది రాజమహేంద్రవరం. ఇంగ్లీషు చదువు అక్కడే అబ్బింది. మీసకట్టు నల్లబడే వయసులోనే కాకినాడ వెళ్ళి దొరల బ్యాంకులో గుమాస్తాగా చేరారు. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళు కాలవలెంట పల్లపు ఊళ్ళన్నిటికీ పాకి, వరి విరగబండి, ఆ వరి ఓడలెక్కి పోతున్న రోజులవి. పంట మాసూళ్ళ వేళకు ధాన్యం వర్తకులు వెండి రూపాయల కోసం బ్యాంకు గుమ్మంలో కాచుక్కూర్చునేవారు. ఆ రూపాయలు పల్లెలకు పోయి, శిస్తు కిస్తీల నాటికి మళ్ళీ పట్నానికి తిరిగొచ్చేవి. వెండి ఎప్పుడు పోతుందో, ఎప్పుడు బిగుస్తుందో, దాని వెనక ధాన్యం ధర ఎలా నడుస్తుందో, కాలవ నీటి వంతు రైతుకు తెలిసినట్టు పంతులుగారికి తెలిసిపోయేది. "పంటూలూ, వచ్చే నెల వెండి ఎలా ఉంటుంది?" అని ఏజెంటు దొర స్వయంగా పిలిచి అడిగేవాడు. పంతులుగారు చెప్పింది చెప్పినట్టు జరిగేది. మద్రాసు నుంచి అర్థశాస్త్రం పుస్తకాలు తెప్పించుకుని, భోజనం చల్లారిపోతున్నా లేవకుండా చదివేవారు. క్రమంగా ఆయన ఇంటిపేరు మరుగున పడిపోయి, బ్యాంకు పంతులుగారు అనే పేరు స్థిరపడింది.

ఇటువంటి మనిషిని మొగలిపాలెం జమీందారు పల్లంరాజుగారు వదులుతారా? పిలిపించి కొలువిచ్చారు. "వసూళ్ళు దివానుగారు చూసుకుంటారండి. ధరల సంగతీ, సొమ్ము సంగతీ మీరు ఆలోచన చెప్పండి, చాలు. జీతం రూపాయల్లో ఇప్పిస్తాం," అన్నారు.

"చిత్తం. అందులో సగం ధాన్యంగా ఇప్పిస్తే ఇంటి ఖర్చుకు వీలుగా ఉంటుంది," అన్నారు పంతులుగారు.

"బ్యాంకులో చూసి చూసి రూపాయలంటే మొహం మొత్తిందన్న మాట!" అని రాజావారు నవ్వారు. కచేరీ అంతా నవ్వింది. పంతులుగారు కూడా నవ్వారు. ధాన్యం ధర ఏటా పైకి పోయేదే కాని కిందికి దిగేది కాదని ఆయనకు తెలుసు. తెలిసే అడిగారు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు, ఇల్లు గడుపుకునేవాడు ఎవడైనా అలాగే అడుగుతాడు. తప్పు తరవాత వచ్చింది.

మొగలిపాలెం ఎస్టేటు గౌతమి పాయకు ఈ ఒడ్డున సగం, ఆ ఒడ్డున సగం. మధ్యన రేవు. రేవు నడిపేది పల్లెపాలెం వాళ్ళు. చేపల వేట వాళ్ళ వృత్తి అయినా, పడవ దాటించడం తాతముత్తాతల నాటి నుంచీ వాళ్ళ హక్కు. ఎస్టేటు ఊళ్ళ మనుషుల దగ్గర దమ్మిడీ పుచ్చుకునేవారు కారు. పొలానికి పోయే రైతూ, సంతకు పోయే ఇల్లాలూ, పురిటికి పుట్టింటికి పోయే పిల్లా, అర్ధాంతరంగా కబురందిన మంత్రసానీ, ఆఖరికి అవతలి ఒడ్డు శ్మశానానికి పోయే శవమూ, అందరికీ ఉచితమే. వరదొచ్చినా అంతే. దానికి బదులుగా మాసూళ్ళప్పుడు కళ్ళంలో వాళ్ళకు రేవు మేర ఉండేది. రైతు తన ఇంటికి ఒక్క గింజ కొలుచుకోకముందే, నాగలికి ఇంత అని పల్లెపాలెం వాళ్ళ గంపలో ధాన్యం పోయాలి. అది కూలి కాదు, దానం అంతకన్నా కాదు. చాకలికీ, మంగలికీ, కమ్మరికీ ఉన్నట్టే పంటలో వాళ్ళకున్న వాటా. ఏడాది పొడుగునా వాళ్ళు తినేది ఆ గింజలే. చేపలమ్మిన డబ్బులు ఉప్పుకూ, వలనూలుకూ, సాయంత్రం కాస్త కల్లుకూ సరిపోయేవి.

కళ్ళాల దగ్గర కీచులాటలు లేకపోలేదు. తడిసిన ధాన్యం కొలిచాడని ఒకరు, తాలు కలిపాడని ఒకరు, కుంచం నిండా పొయ్యలేదని ఒకరు ఏటా రాజావారి కచేరీకి ఎక్కేవారు. శ్రీముఖ సంవత్సరంలో అలాంటి తగవొకటి వింటూ వింటూ రాజావారికి విసుగొచ్చింది. "ఏదో ఒక దారి చూడండి పంతులుగారూ. ఈ గొడవ ఇంక మా చెవిన పడకూడదు," అన్నారు.

పంతులుగారు దారి చూశారు. మేరను రూపాయల్లోకి మార్చెయ్యడం. రైతులు శిస్తుతో పాటు రేవు పన్ను కడతారు, ఎస్టేటు నెలనెలా పల్లెపాలేనికి వెండి ఇస్తుంది, తగవు తెగిపోతుంది. అయితే ఏ ధరకు మార్చాలి? నిరుటి ధరకు మారిస్తే రైతులు గోల పెడతారు, రాజావారు ఒప్పుకోరు. పదేళ్ళ సగటు తీస్తే, ఓడలు అంతగా రాని పాత ఏళ్ళ చౌకధరలు అందులో కలిసి, అంకె సుఖంగా కిందికి దిగింది. ఆ చౌక రోజులు మళ్ళీ రావని, జీతం ధాన్యంలో అడిగి పుచ్చుకున్న మనిషికి తెలియదా? శుభ్రంగా తెలుసు. కాని సగటు అనే మాటకు ఒక పెద్దరికం ఉంది. అది పుస్తకాలు మెచ్చే మాట, రాజావారు తలూపే మాట. పంతులుగారు సగటే రాశారు. ఆ పూట ఆయనకు అన్నం బాగా సహించింది కూడా.

పల్లెపాలెం వాళ్ళను ఒప్పించడం దివానుగారి వల్ల కాలేదు. కేకలేసి వచ్చేశారు. అప్పుడు పంతులుగారే స్వయంగా వెళ్ళారు. వలలు ఆరేసిన చోట ఆయనకు మంచం వేసి, దాని మీద ఉతికిన దుప్పటి పరిచారు. పాలెం తరఫున మాట్లాడేది పెద్దింట్లమ్మ. రేవు పెద్దగా ఉన్న ఆమె మొగుడు ఒక తుపానులో పోయినప్పటి నుంచీ పాలెంలో ఆమె మాటే మాట. ఈ ఒడ్డున పిలిస్తే ఆ ఒడ్డున పలికేంత గొంతు.

"కళ్ళాల చుట్టూ గంపలు పట్టుకుని తిరగడం మీకు మాత్రం గౌరవమా చెప్పండి. నెల తిరిగేసరికి కచేరీకి వచ్చి దర్జాగా వెండి పుచ్చుకోండి. ఎవడి తాలుగింజలూ మీకొద్దు, ఎవడి దెప్పుడు మాటలూ పడొద్దు," అన్నారు పంతులుగారు.

మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దింట్లమ్మ మంచానికి దూరంగా చతికిలబడి, "మాకు రూపాయల్లో లెక్క తెలవదండి. కుంచమంటే తెలుస్తాది. మీరు పెద్దోరు, చదువుకున్నోరు. తీసుకోమంటారా, మానేయమంటారా, మీరే చెప్పండి బాబూ," అంది.

ఇక్కడ "తీసుకోండి" అని ఊరుకుని ఉంటే, తరవాతి కథ వేరుగా ఉండేదేమో. ఏటి గాలి చల్లగా తగులుతోంది. తన మాట ఇంతమంది వింటున్నారన్న సంతోషం గొంతుదాకా వచ్చింది. పంతులుగారి నోరు జారింది.

"నేనైనా అదే చేస్తాను. ఆ మాటకొస్తే నేనూ ఎస్టేటు దగ్గర రూపాయలే పుచ్చుకుంటున్నాను," అన్నారు.

అది సగం నిజం. మిగతా సగం ఆయన ఇంటి గాదెలో ఉంది.

"ఆయ్, అయితే ఇంక ఆలోచనేంటండి. మీకు మంచిదైంది మాకు చెడ్డదౌద్దా?" అంది పెద్దింట్లమ్మ. పాలెం అంతా వేలిముద్రలు వేసింది.

మొదటి రెండేళ్ళూ ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయాయి. వెండి వేళకు అందింది. పెద్దింట్లమ్మ ఒకసారి పంతులుగారి ఇంటికి పనసకాయ మోసుకొచ్చింది. చేప తెస్తే ఆయన ముట్టుకోరని, ఎక్కణ్ణుంచో అడిగి తెచ్చింది పాపం. చుట్టుపక్కల జమీందార్లు మొగలిపాలెం పద్ధతి ఎలాంటిదని వాకబు చేశారు. పంతులుగారు ఆ పద్ధతిని వివరించి ఇంగ్లీషులో ఒక వ్యాసం రాసి మద్రాసు పంపారు. అక్కడి పెద్దలు బహు బాగుందని జవాబు రాశారు. ఆ జవాబును ఆయన ఎన్నిసార్లు చదువుకున్నారో అడక్కండి.

ఆ తరవాత ధాత సంవత్సరంలో కరువొచ్చింది. బళ్ళారి, కడప వైపు చుక్క వాన లేదు. గోదావరి కాలవల్లో మాత్రం నీళ్ళున్నాయి, చేలు పండాయి. పండినవి పండినట్టు బళ్ళెక్కి, పడవలెక్కి కాకినాడ ఓడరేవుకు పోయాయి. మద్రాసులో పలికే ధర విన్న రైతు ఊళ్ళో గింజ అమ్ముతాడా? బియ్యం ధర ఇవాళ ఉన్నది రేపు లేకుండా పైకి పోయింది. పల్లెపాలెం వాళ్ళకు వచ్చే వెండి మాత్రం పదేళ్ళ సగటు దగ్గర, అక్కడే, కదలకుండా కూర్చుంది. నెలకని ఇచ్చింది పక్షం తిరక్కుండానే అయిపోయేది. పైగా ఎగుమతికి పోయే ధాన్యం బస్తాలు అవతలి ఒడ్డు నుంచి దాటించిందీ వాళ్ళే. ఎస్టేటు వాళ్ళకు రేవు ఉచితం కదా! పడవ నిండా బస్తాలు వేసుకుని, కడుపులో ఏమీ లేకుండా గెడ వేశారు. పడవ అడుగున రాలిన గింజలను ఆడవాళ్ళు ఏరుకుని కొంగున కట్టుకునేవారు.

ఒకనాటి పొద్దున్న పెద్దింట్లమ్మ కొంతమందిని వెంటబెట్టుకుని పంతులుగారి ఇంటికి వచ్చింది. పంతులుగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆమెను చూసి ముందు పోల్చుకోలేకపోయారు. మెడ ఎముకలు బయటికొచ్చాయి. ఆ పెద్ద గొంతు ఏమైపోయిందో తెలియదు.

"పంతులుగారూ, రూపాయలొద్దండి మాకు. మా మేర మాకిప్పించండి. ఈ మాసూళ్ళ నుంచే ఇప్పించండి," అంది.

"ఇది కరువు ధర పెద్దింట్లమ్మా. ఎల్లకాలం ఉండదు. ఒక ఏడు ఓపిక పట్టండి. సగటున చూసుకుంటే మీకేమీ నష్టం..."

ఆ మాట నోట్లో ఉండగానే ఎస్టేటు బండి వచ్చి వాకిట్లో ఆగింది. బండివాడు దిగి, "అమ్మగారూ, తవరి జీతం ధాన్యమండీ!" అని లోపలికి కేకేశాడు. పంతులుగారి భార్య సుబ్బాయమ్మగారు చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చారు. ఆవిడకు ఈ సంగతులేవీ తెలియవు. "ఏమండోయ్, ఈసారి మంచి ధాన్యం పంపించారు. ఈ గడ్డు రోజుల్లో మన జీతం ఇలా ఉండబట్టి బతికిపోయాం," అని సంబరంగా అన్నారు.

బస్తాలు ఒక్కొక్కటే దిగాయి. బండివాడు వాటిని భుజాన వేసుకుని పెద్దింట్లమ్మ పక్కనుంచే లోపలికి మోశాడు. ఆమె జరిగి దారిచ్చింది. బస్తాల వైపు చూసింది కాని పంతులుగారి వైపు చూడలేదు. ఆమె తన వైపు తిరిగి, నాలుగు శాపనార్థాలు పెడితే బాగుండుననిపించింది ఆయనకు. ఒంటి మీద బట్ట లేకుండా నడివీధిలో కూర్చున్నట్టయింది. అరుగు మీంచి లేవడానికీ ధైర్యం చాల్లేదు.

సుబ్బాయమ్మగారు వచ్చినవాళ్ళ మొహాలు చూసి, "అయ్యో, తిండి తిని ఎన్నాళ్ళయిందో! ఉండండమ్మా, తలో కుంచెడు పట్టుకెళ్ళండి," అంటూ కొలవబోయారు. వెనకున్న పడుచొకతె గబుక్కున కొంగు పట్టింది.

"వొద్దమ్మా. ధర్మానికి రాలేదండి మేము. మేర అడగడానికొచ్చాం," అంది పెద్దింట్లమ్మ.

ఆ పడుచు పట్టిన కొంగు వెనక్కి లాక్కుని, రవిక మీద సర్దుకుంది. అందరూ వెళ్ళిపోయారు. "మేరంటే ఏమిటండీ?" అని సుబ్బాయమ్మగారు అడిగితే, "నీకు తెలియదులే," అన్నారు పంతులుగారు. ఆ మధ్యాహ్నం ఆవిడ అన్నం వడ్డిస్తే, కలిపిన ముద్ద నోటిదాకా పోలేదు.

ఆనాటి నుంచి ఆయన రేవు మొహం చూడటం మానేశారు. అవతలి ఒడ్డున పని పడితే, ఎండలో చుట్టూ తిరిగి కాలవ పడవ మీద పోయేవారు. ముక్కున వేలేసుకుని చూసినవాళ్ళకు ఆరోగ్యం కోసమని చెప్పేవారు. ఒకరోజు మాత్రం రాజావారు అవతలి ఒడ్డు నుంచి ఉన్నపళంగా రమ్మని కబురు చేస్తే రేవుకు దిగక తప్పలేదు. పడవ నడిపే అబ్బులు ఆయన్ని చూసి, బురద అంటకుండా చెయ్యి అందించి ఎక్కించాడు. ఆయన కూర్చోబోయే చెక్కను తన పైగుడ్డతో తుడిచాడు. ఎప్పుడూ తుడిచేదే. ఆ రోజు పంతులుగారు దాని మీద కూర్చోలేక, పడవ ఊగుతున్నా నిలబడే ఉన్నారు.

"బర్మా రంగం నించి కూలోళ్ళని ఓడెక్కించే మేస్త్రీ వొచ్చాడండి మా పాలెం," అన్నాడు అబ్బులు గెడ వేస్తూ. "అక్కడ బియ్యం మిల్లుల్లో పనంటండి. ఈ మాసూళ్ళకి మేర వొస్తే ఉంటాం, రాపోతే అందరం ఓడెక్కేద్దామంటంది పెద్దింట్లమ్మత్త. మా తాతలు ఏసిన రేవండి ఇది. ఎలా వొదిలి పోతామో ఏంటో."

పంతులుగారు మనసులోనే లెక్క వేసుకున్నారు. వాళ్ళు రంగం పోతే అది కరువు వల్ల కాదు. కరువు కళ్ళం మేరను ముట్టుకోలేదు. ముట్టుకున్నది తన కలం. మాసూళ్ళకు ముందు రాజావారు రైతుల్నీ, వృత్తుల వాళ్ళనూ పిలిచి కచేరీ చేస్తారు. ఆ కచేరీలో లేచి, లెక్క తప్పిందని చెప్పి, మేర తిరిగి ఇప్పించాలని ఆయన నిశ్చయించుకున్నారు. ఎలా చెప్పాలో కూడా ఆలోచించుకున్నారు. సగటు తప్పని చెప్పాలి, కరువు ఎవరూ ఊహించలేదని చెప్పాలి. తన గాదె సంగతి చెప్పనక్కర్లేదు. అది వేరే విషయం. చదువుకున్నవాళ్ళకు విషయాలను ఇలా విడివిడిగా కట్టలు కట్టడం బాగా వచ్చు.

కచేరీ నాడు రాజావారు మహా ఉషారుగా ఉన్నారు. ఎస్టేటు ధాన్యం మంచి ధరకు పోయింది. రైతులంతా కొత్త ఉత్తరీయాలతో వచ్చారు. పల్లెపాలెం వాళ్ళు గుమ్మం అవతల నిలబడ్డారు. అందరికంటే ముందు పెద్దింట్లమ్మ.

"ముందు ఒక శుభవార్త," అన్నారు రాజావారు. "ధరలూ, నాణేల సంగతి విచారించి సర్కారుకు సలహా చెప్పడానికి మద్రాసులో ఒక కొలువు ఖాళీ ఉందట. దానికి మన బ్యాంకు పంతులుగారిని మేము సిఫారసు చేశాం. వాళ్ళూ సుముఖంగా ఉన్నారు."

కచేరీ చప్పట్లతో మారుమోగింది. పంతులుగారు లేచారు. మద్రాసు కొలువు ఆయన బ్యాంకు రోజుల నుంచీ కంటున్న కల. ఈ నోటితో తప్పయిందని చెబితే ఆ కల ఇక్కడే ఆఖరు.

"మహాప్రభువులు క్షమించాలి. రేవు మేర విషయంలో నా లెక్క తప్పింది. ధాన్యం ధర ఇంత పెరుగుతుందని సగటులో తేలలేదు. ఎవరూ ఊహించని కరువు ఇది, దైవికం. ఆ ఒప్పందం రద్దు చేసి, వీళ్ళ మేర వీళ్ళకు ధాన్యంగానే ఇప్పించాలని మనవి."

రైతుల్లో గుసగుసలు బయలుదేరాయి. పెద్ద మోతుబరి బుల్లియ్యగారు లేచి నిలబడ్డారు. "ఇదేం న్యాయమండి? ధాన్యం చౌకైతే వాళ్ళొచ్చి రూపాయలు తిరిగిచ్చేవారా? ఒప్పందమంటే ఒప్పందమే. అయినా ఇదే ధరలో పంతులుగారు బతకటం లేదాండి? ఆయనకి లేని ఇబ్బంది వాళ్ళకేంటండి?"

"నిజమే," అన్నారు రాజావారు. ధాన్యం జీతం ఎప్పటి మాటో, ఆయన మరిచిపోయారు. "మీరెలా గడుపుకుంటున్నారు పంతులుగారూ?"

పంతులుగారు గుమ్మం వైపు చూశారు. పెద్దింట్లమ్మకు తెలుసు. ఆమె నోరు విప్పితే చాలు. ఆమె విప్పలేదు. ఆయన పరువు పోతుంటే తను చూడకూడదన్నట్టు, మెల్లగా తల దించుకుంది. ఆయన కోసం ఆమె సిగ్గుపడుతోంది! కడుపు మాడుతున్న మనిషి, తన కడుపు కొట్టినవాడి కోసం సిగ్గుపడుతోంది. పంతులుగారికి ఇంక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"నాకు ధాన్యం వస్తోందండి," అన్నారు. "సగం జీతం ధాన్యంగా అడిగి పుచ్చుకున్నాను. ధర పెరుగుతుందని తెలిసే అడిగాను. తెలిసి కూడా వీళ్ళకు సగటు రాశాను, తమరు ఒప్పుకోవాలని. పైగా వీళ్ళ పాలెంలో మంచం మీద కూర్చుని, నేనూ రూపాయలే పుచ్చుకుంటున్నానని చెప్పాను. ఆ మాట నమ్మి వీళ్ళు వేలిముద్రలు వేశారు. కరువుది కాదు తప్పు. నాది."

రాజావారు మీసం దువ్వుకున్నారు. పంతులుగారు దండనకు తలొగ్గి నిలబడ్డారు. చెప్పేసినందుకు, ఎన్నాళ్ళకో, కాస్త ఊపిరి ఆడింది.

"భేష్!" అన్నారు రాజావారు. "నిండు కచేరీలో ఇలా చెప్పుకునేవాణ్ణి మేమింతవరకు చూడలేదు. పంతులుగారు చెప్పిందాంట్లో న్యాయం ఉంది. వాళ్ళకొక పద్ధతీ, ఆయనకొక పద్ధతీ ఉండటం అన్యాయమే. దివానుగారూ! ఈ మాసూళ్ళ నుంచి పంతులుగారి ధాన్యం కూడా రూపాయల్లోకి మార్చెయ్యండి. అదే సగటు. ఇంక ఎవరికీ అన్యాయం జరిగిందన్న మాట ఉండదు. ఇంతటి సత్యసంధుణ్ణి పంపిస్తున్నామని మద్రాసుకు కూడా రాయండి."

రైతులు భళీ అన్నారు. బుల్లియ్యగారు స్వయంగా వచ్చి పంతులుగారి చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. మేర మాట మళ్ళీ ఎత్తబోతే ఆ సందట్లో ఎవరికీ వినబడలేదు, రాజావారు అప్పటికే కాలవ తవ్వకం సంగతిలోకి వెళ్ళిపోయారు. పంతులుగారు గుమ్మం వైపు చూసేసరికి అక్కడ ఎవరూ లేరు.

కొలువు మానేద్దామని ఆయన అనుకున్నారు. అనుకున్నది మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. మద్రాసు వెళితే ఇలాంటివి ఎన్నో చోట్ల జరక్కుండా చూడవచ్చుననీ, ఇక్కడ మానేసినంత మాత్రాన వాళ్ళ గంపలోకి గింజ రాదనీ నచ్చజెప్పుకున్నారు. అందులో నిజం లేకపోలేదు. కాని నచ్చజెప్పుకోవలసి వచ్చిందే, ఆ సంగతి ఆయన్ని లోపల్లోపల తినేసింది. మాసూళ్ళు అయ్యాయి. కళ్ళాల్లో చాకలి గంపా, మంగలి గంపా, కమ్మరి గంపా కనిపించాయి. రేవు వాళ్ళ గంప లేదు. మద్రాసు ఉత్తర్వు వచ్చింది.

కాకినాడ ఓడరేవులో ఆ రోజు జనం కిటకిటలాడుతున్నారు. పెద్ద పొగ ఓడలు దూరంగా సముద్రంలో ఆగి ఉంటాయి కనక, ఒడ్డు నుంచి పడవల మీద పోయి ఎక్కాలి. సుబ్బాయమ్మగారిని సామాను దగ్గర కూర్చోబెట్టి, పంతులుగారు టిక్కెట్ల సంగతి కనుక్కోవడానికి వెళుతుంటే, మూటల మధ్య కూర్చుని ఉన్న పల్లెపాలెం కనిపించింది. పాలెం మొత్తం. ముసలివాళ్ళతో సహా. తప్పుకుని పోదామని ఆయన పక్కకు తిరిగారు. అంతలోనే పిలుపు వినబడింది.

"పంతులుగారూ! తవరూ ఓడెక్కుతున్నారా బాబూ?"

పెద్దింట్లమ్మ లేచి వచ్చింది. మొహంలో కోపం లేదు. ఉంటే ఆయనకు ఎంతో హాయిగా ఉండేది.

"మద్రాసుకు," అన్నారాయన.

"ఆయ్, మంచిదండి. ఆ రోజు కచేరీలో మీ ధాన్యం కూడా తీసేశారంట కదండి. మా మూలంగా మీ ఇంట్లో కష్టమొచ్చిందని మావోళ్ళంతా ఎంత బాధపడ్డారో."

ఏదో ఒకటి చెయ్యాలి, ఏదో ఒక మేలు మాట చెప్పి పంపించాలి. ఆయనకు తెలిసిన విద్య ఒక్కటే.

"పెద్దింట్లమ్మా, రంగంలో కూలి ఎలా ఇస్తారో గట్టిగా కనుక్కున్నారా? అక్కడ ధరలు..."

"కనుక్కున్నామండి," అంది ఆమె చటుక్కున. ఎన్నాళ్ళకో ఆ గొంతులో పాత గట్టిదనం వినిపించింది. "మేస్త్రీ అంతా రూపాయలేనన్నాడండి. మేమొప్పుకోలేదు. సగం బియ్యం కొలిచిస్తేనే ఓడెక్కుతామని ఇసకలో కూచున్నాం. బతిమాలాడు, బెదిరించాడు, ఆఖరికి ఒప్పుకున్నాడండి."

"మంచి పని చేశారు. మీకెవరు చెప్పారు ఆ ఆలోచన?"

పెద్దింట్లమ్మ ఆశ్చర్యంగా చూసింది.

"ఎవరు చెప్తారండి? మీ ఇంటికాడ చూశాం కదా. మీరు మాకు చెప్పింది చేసి చెడిపోయాం. ఈసారి మీరు మీకోసం చేసుకుంది చేశామండి. ఆ మేలు మీదే బాబూ, మర్చిపోం."

ఆమె దెప్పడం లేదు. నిజంగానే కృతజ్ఞత చెబుతోంది. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆమెను చూసి వెనక ఉన్నవాళ్ళు, మూటల మధ్య కూర్చునే, వాళ్ళూ పెట్టారు. మేస్త్రీ కేకేస్తే అందరూ లేచి పడవల వైపు నడిచారు. పంతులుగారు తిరిగి దణ్ణం పెట్టబోయారు. చేతులు లేవలేదు. ఆ ఎండలో, ఆ జనంలో, తల వంచుకుని అలాగే నిలబడ్డారు. ఏమైందోనని సుబ్బాయమ్మగారు సామాను వదిలేసి వచ్చి, "ఏమండీ, ఒంట్లో బాగాలేదా?" అని అడిగేదాకా అక్కడే ఉన్నారు.